కంచె చేను మేయు వ్యాధి

ఇంటి కుక్క కూడు ముట్టలేదన్న సంగతిని మొదట గమనించునది ఆ ఇంటి ఇల్లాలే. యజమాని చేనినుండి వచ్చుసరికి ప్రొద్దు గ్రుంకును. పిల్లలు బడికి పోవుదురు. పెరటిలోని మట్టి మూకుడు ఉదయము పెట్టిన అన్నముతో అట్లే యుండుటయు, దాని ప్రక్క కుక్క ముట్టె నేలకానించి పడియుండుటయు చూచునది ఆమె. కావున ఈ వ్యాధిని గూర్చి పశువైద్యునికంటె ముందు తెలిసికొనవలసినది కూడ ఆమెయే యని తలచి, మేము ఈ నెల సోదరీమణులకు దీనిని వ్రాయుచున్నాము.

మొగుళ్లపల్లి వంటి ఊళ్లలో కుక్క పరుపుమీద పెరుగు ముద్దుజంతువు కాదు. 2016వ సంవత్సరపు విభజనకు పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి, నేడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరిన ఆ మండలమున, పత్తికుప్పకును మిరపకల్లమునకును మేకలదొడ్డికిని కుక్కయే కావలి. పగలు చెట్టునీడను పండుకొని రాత్రియెల్ల మేలుకొని యుండును. అట్టి కుక్క యొకనాడు లేవలేకపోయినచో, 'ఎండదెబ్బ తగిలె' ననియు, 'ఎవరో మందు పెట్టి' రనియు, 'పురుగు ముట్టె' ననియు నలుగురును నాలుగు మాటలందురు. ఆ నాలుగును కాని యైదవ కారణ మొకటి కలదు. కుక్క దేహమును కాపాడుటకు నియమింపబడిన రక్షకశక్తియే ఆ దేహముపై తిరుగబడుట. వైద్యులు దీనిని స్వయంప్రతిరక్షక వ్యాధి యందురు. మన పెద్దల మాటలో చెప్పవలయునన్న, కంచెయే చేను మేయుట.

మనుష్యుల రక్తమునందును కుక్కల రక్తమునందును ప్రతిరక్షకములను పదార్థము లుండును. బయటినుండి వచ్చిన సూక్ష్మజీవిని గుర్తించి, దానిని పట్టి యిచ్చుట వాని పని. ఇవి తనవారినే పగవారిగా భ్రమపడునా యను ప్రశ్నను జర్మనీ దేశపు పండితుడు పాల్ ఎర్లిక్ 1900 ప్రాంతమున మేకలపై పరీక్షించెను. ఒక మేక నెత్తురును వేఱొక మేకకు ఎక్కింపగా, ఆ రెండవ మేక యితర మేకల రక్తకణములను కరగించు ప్రతిరక్షకములను పుట్టించెనుగాని, తన కణములను కరగించువానిని పుట్టింపలేదు. దేహము తన్ను తాను హింసించుకొనుటకు జంకునని అతడు నిర్ణయించెను. 1904లోనే వియన్నాలో డోనాత్, లాండ్‌స్టైనర్ అను నిద్దఱు వైద్యులు ఆ జంకు లేని యొక మానవవ్యాధిని చూపిరి. అయినను ఎర్లిక్ మాట చాలకాలము చెల్లెను. కుక్కలకును ఇట్టి వ్యాధులు వచ్చునని వైద్యలోకమున స్థిరపడుటకు 1960ల వఱకు పట్టినది.

కుక్కలలో ఈ తిరుగుబాటు పలు చోట్ల కనబడును. అన్నిటికంటె భయంకరమైనది ఎఱ్ఱ రక్తకణములపై సాగునది. ఆరోగ్యముగల కుక్క రక్తములో నూటికి 37 మొదలు 55 పాళ్లవఱకు ఎఱ్ఱకణము లుండును. ఒక్కొక్క కణము నూఱుదినములకు పైగా బ్రదుకును. వ్యాధి వచ్చినప్పుడు ప్రతిరక్షకములు ఆ కణములకు అంటుకొనును. ప్లీహమును కాలేయమును వానిని పరులుగా నెంచి పట్టి నశింపజేయును. ఎముకలలోని మూలుగ క్రొత్త కణములను పుట్టించునుగాని, ఆ పని ఊపందుకొనుటకు మూడు నుండి అయిదు దినములు పట్టును. ఈలోపున కుక్క నీరసించిపోవును. రెండుదినముల క్రింద గొల్లవానితో గుట్ట లెక్కిన కుక్క గడప దాటలేదు.

ఇల్లాలు చూడవలసిన చోట్లు మూడు. పై పెదవిని మెల్లగా నెత్తి చిగుళ్లు చూడవలెను. గులాబిరంగున నుండవలసినవి సున్నము కొట్టిన గోడవలె తెల్లబడినను, పసుపు పూసినట్లున్నను అది ప్రమాదము. మూత్రము టీ డికాషన్ రంగుననో, అంతకంటె ఎఱ్ఱగానో యున్నదా యని చూడవలెను. ఊరక పండుకొన్నప్పుడు కూడ డొక్క లెగరవేయుచున్నదా యని చూడవలెను. నల్లని మేనుగల కుక్కల చిగుళ్లును కొన్ని యెడల నల్లగా నుండును. అట్టివాని కంటి క్రింది రెప్పను కొంచెము దించి లోపలి పొరను చూచినచో అదే సంగతి తెలియును. ఇది చేయుటకు చదువక్కఱలేదు, సాధన మక్కఱలేదు. ఆరోగ్యముగా నున్నప్పుడే యొకసారి చూచి రంగును జ్ఞాపకముంచుకొన్న చాలును.

వ్యాధి ఎఱ్ఱకణములను విడిచి, రక్తమును గడ్డకట్టించు ప్లేట్‌లెట్లపై పడినచో పొట్టచర్మముపైనను చిగుళ్లపైనను గోరింటాకు చుక్కలవంటి ఎఱ్ఱని మచ్చలు లేచును. ముక్కునుండి నెత్తురు కారును. మలము తారువలె నల్లబడును. చర్మముపై పడినచో ముక్కుదూలముమీదను, చెవులమీదను, అరికాళ్ల మెత్తలమీదను పక్కులు కట్టును. దీనిని గజ్జి యనుకొని గంధకము పూయుచుందురు. కీళ్లపై పడినచో ఒకనాడు ఈ కాలును ఒకనాడు ఆ కాలును కుంటును. కన్నీటి గ్రంథులపై పడినచో కన్నులు ఎండి పుసికట్టును. ముక్కుకొనపై నల్లని వన్నె పోయి పుండుపడు లూపస్ అను రకము కలదు. ఎండ దానికి పరమశత్రువు.

మన ప్రాంతమున ఈ కథకు ప్రత్యేకమైన యొక నాంది కలదు. అది పిడుదు. పల్లెలలో గోమారి యని కూడ అందురు. కుక్కకు పట్టు గోధుమరంగు పిడుదు రక్తము త్రాగి శనగగింజ యంత యుబ్బి, రాలి, గోడపగుళ్లలో దూరి వేలకొలది గ్రుడ్లు పెట్టును. అది కుట్టినప్పుడు రెండు రకముల సూక్ష్మజీవులు కుక్క రక్తములో ప్రవేశింపవచ్చును. ఒకటి బబేసియా గిబ్సోని. దీనిని 1910లో ప్యాటన్ అను పరిశోధకుడు మద్రాసులోని వేటకుక్కలలో మొదట వర్ణించెను. దొరలు నక్కల వేటకై పెంచిన జాగిలములు మన పిడుదు కాటుకు పడిపోవుట చూచిన వారికి ఆశ్చర్యము కలిగియుండును. ఇది ఎఱ్ఱకణములలోనే కాపురము పెట్టును. రెండవది 1935లో ఆల్జీరియా దేశమున ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కనుగొన్నది. అది తెల్లకణములలో నుండి ప్లేట్‌లెట్లను క్షీణింపజేయును. దాని పేరు ఎర్లీషియా. ఏ పండితుడు దేహము తన్ను తాను హింసించుకొనదని చెప్పెనో, ఆ పాల్ ఎర్లిక్ పేరనే దానికా నామకరణము జరిగినది. ఈ రెండును దేహపు రక్షకశక్తిని రెచ్చగొట్టి, పరులతోపాటు తనవారిని గూడ కొట్టించుటలో ఆరితేరినవి. విధివిలాసము!

ఇందువలన మన యూళ్లలో పాలిపోయిన కుక్కను చూచినప్పుడు మొదటి ప్రశ్న, 'ఇది తనంత వచ్చిన స్వయంప్రతిరక్షక వ్యాధియా, పిడుదుజ్వరము తెచ్చినదా?' యన్నది. ఈ ప్రశ్న పండితుల వినోదమునకు కాదు. మొదటిదానికి రక్షకశక్తిని అణచు మందులు నెలల తరబడి కావలెను. రెండవదానికి ముందు సూక్ష్మజీవిని చంపు మందు కావలెను. పిడుదుజ్వరమును గుర్తింపక కేవలము అణచు మందులే సాగించినచో దొంగకు తలుపు తీసియిచ్చినట్లగును. కొన్ని యెడల రెండును ఒక్కసారిగా ఇయ్యవలసివచ్చును. ఆ నిర్ణయము వైద్యునిది.

పరీక్ష మొదలగునది ఒక్క నెత్తుటి బొట్టుతోనే. అద్దపుపలకపై ఆ బొట్టును ఉప్పునీటి చుక్కలతో కలిపి కదలించినప్పుడు కణములు విడిపోక రవ్వలు రవ్వలుగా గుమిగూడినచో, ప్రతిరక్షకములు వానిని ఒకదాని కొకటి అంటించినవని అర్థము. సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు, నడుమ వ్రేలితో నొక్కిన చెక్కవలె కనబడవలసిన ఎఱ్ఱకణము, గోలీవలె గుండ్రమై చిన్నదై కనబడును. ఆ పలకమీదనే పిడుదుజ్వరపు జీవులు దొరకినను దొరకును. దొరకనంతమాత్రమున లేవని చెప్పరాదు. 1945లో ఇంగ్లండున కూంబ్స్, మూరంట్, రేస్ అనువారు కనిపెట్టిన పరీక్ష కణములకు అంటిన ప్రతిరక్షకములను చూపును. అది మనుష్యులకొఱకు పుట్టి, తరువాత కుక్కలకును వచ్చినది.

ఇవన్నియు మండలపు పశువైద్యశాలలో జరుగవు. రక్తము తీసి పంపుటవఱకు అక్కడ జరుగవచ్చును. వరంగల్లు దగ్గఱ మామునూరులో పశువైద్య కళాశాల కలదు. హైదరాబాదు రాజేంద్రనగరమున పి.వి. నరసింహారావు పేర 2014లో నెలకొల్పిన పశువైద్య విశ్వవిద్యాలయము కలదు. 2017లో తెలంగాణమున 1962 అను ఫోను సంఖ్యతో సంచార పశువైద్య వాహనములు మొదలిడినవి. అవి ముఖ్యముగా ఎద్దులకును గేదెలకును ఉద్దేశింపబడినవే యైనను, బండి తిరుగు ఊళ్లలో కుక్కను చూపి, ఎక్కడికి తీసికొనిపోవలెనో అడుగుటలో తప్పులేదు. కుక్కకు బస్సులో చోటియ్యరు. ఆటోకు డబ్బు కావలెను. 'కుక్కకా ఇంత ఖర్చు?' అని ఇంటిలోని వారనవచ్చును. పత్తి దొంగల పాలైనప్పుడు పోవు సొమ్మును ఇల్లాలు వారికి జ్ఞాపకము చేయవచ్చును. అంతకంటె బలమైన వాదము మాకు తోచలేదు. ప్రేమను వాదముగా చెప్పిన మగవారు నవ్వుదురు.

ఇక చికిత్స. వైద్యులు మొదట చేపట్టునది ప్రెడ్నిసొలోన్. దీని మూలపురుషుడు కార్టిసోన్. 1948లో అమెరికాలోని మేయో వైద్యశాలలో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కీళ్లవాతముతో మంచము పట్టిన యొక స్త్రీకి దీని నిచ్చి నడిపించెను. 1950లో హెంచ్, కెండల్, రైక్‌స్టైన్ అను మువ్వురకు నోబెల్ బహుమాన మీయబడినది. ప్రెడ్నిసొలోన్ చవుకయైన మందు. మాత్ర లేని ఊరు లేదు. కుక్క బరువులో కిలో ఒక్కింటికి రోజునకు 2 మిల్లీగ్రాములవఱకు మొదలుపెట్టుట వాడుక. పెద్ద కుక్కలకు ఆ లెక్కకంటె తగ్గింతురు. రక్తము నిలుకడకు వచ్చిన పిమ్మట రెండుమూడు వారముల కొకసారి నాల్గవవంతు చొప్పున దించుకొనుచు పోవుదురు. మొత్తము నాలుగు మొదలు ఆఱు నెలలు పట్టుట సాధారణము.

ఈ నెలలలో ఇంటిలో జరుగు రభస వైద్యుడు చూడడు, ఇల్లాలు చూచును. కుక్క కుండెడు నీరు త్రాగును. రాత్రి రెండుమూడుసారులు బయటికి పోవలెనని తలుపు గీరును. ఎంత పెట్టినను ఇంకను కావలెనని మూకుడు నాకును. దొంగతనము నేర్చును. పొట్ట జారి, తొడల కండ కరగును. వగర్చుచుండును. 'మందు పడలేదు, క్రొత్త జబ్బు తెచ్చినది' అని యెంచి చాలమంది మాత్రను ఠక్కున ఆపివేయుదురు. ఇదియే మిక్కిలి కీడు. ఇన్నాళ్లు బయటినుండి వచ్చిన మందుకు అలవాటుపడి, మూత్రపిండములపైనుండు గ్రంథులు తమ పని మానుకొనియుండును. మందు ఒక్కసారిగా ఆగినచో కుక్క కుప్పకూలును. వ్యాధియు తిరుగబెట్టును. పైన చెప్పిన లక్షణములన్నియు మోతాదు తగ్గినకొలది తగ్గిపోవునవే. నీటిని మాత్రము ఎన్నడును కట్టడి చేయరాదు.

ప్రెడ్నిసొలోన్ ఒక్కటి చాలనప్పుడు రెండవ మందును చేర్తురు. వానిలో నొకటియైన అజాథయోప్రిన్ వెనుక ఒక స్త్రీ కలదు. గర్‌ట్రూడ్ ఎలియన్ న్యూయార్కులో పుట్టి, రసాయనశాస్త్రము చదివి, ఆడుదానికి ప్రయోగశాలలో పని యిచ్చువారు లేక కొంతకాలము బడిపంతులమ్మగా నుండి, 1944లో జార్జి హిచింగ్స్ చెంత చేరినది. వారిరువురు కలిసి నిర్మించిన మందులలో నిది యొకటి. 1988లో ఆమెకు నోబెల్ బహుమానము వచ్చినది. ఆ కుటుంబపు మందులు మానవుల మూత్రపిండ మార్పిడికి పనికివచ్చునని మొదట తెలిసినది కుక్కలపై చేసిన ప్రయోగములవలననే. రాయ్ కాల్న్ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు 1960లో వానిని ప్రకటించెను. నేడు కుక్కలకు ఆ మందు ఇచ్చుట ఒక విధముగా ఋణము తీర్చుటయే. ఒక్క హెచ్చరిక. ఈ మాత్రను ఇంటిలో నూరి అన్నములో కలుపరాదు. గర్భవతులును బాలింతలును దానిని వట్టిచేతులతో ముట్టరాదు. మైకోఫినొలేట్ అను మందుకును ఇదే నియమము. చీటీలో ఆ పేర్లున్నచో ఇంటిలోని గర్భిణీస్త్రీ సంగతి వైద్యునితో ముందే చెప్పవలెను.

వేఱొక మందు సైక్లోస్పోరిన్. నార్వేదేశపు మట్టిలోని యొక బూజునుండి 1970 ప్రాంతమున లభించినది. మైకోఫినొలేట్ కూడ బూజునుండి పుట్టినదే. కావున 'మేము ప్రకృతివైద్యమే చేయింతుము, ఇంగ్లీషు మందు వద్దు' అనువారు ఏ గీటుకు ఇవతల నున్నారో, ఏ గీటుకు అవతల నున్నారో మాకు తెలియదు. ఈ సైక్లోస్పోరిన్‌ను కంటిమందుగా చేసి, ఎండిపోయిన కుక్కల కన్నులలో కన్నీరు మరల ఊరించిన యామె జార్జియా విశ్వవిద్యాలయపు పశునేత్రవైద్యురాలు రెనీ కాస్వన్. అది 1980లలోని మాట. ఆ చుక్కలే 2002లో అమెరికాలో మనుష్యుల కంటికిని అనుమతింపబడినవి. కుక్కకన్ను బాగుపడి మనకన్ను బాగుచేసినది.

ఎఱ్ఱకణములు నశించు వ్యాధిలో కుక్కలను చంపునది రక్తక్షయము మాత్రమే కాదు. ఊపిరితిత్తులలో నెత్తురు గడ్డకట్టుట పెక్కుమరణములకు కారణము. అమెరికాలోని పశువైద్య నిపుణుల సంఘము 2019లో ప్రకటించిన పత్రము, గడ్డకట్టనియ్యని మందును మొదటినుండియే ఇయ్యవలెనని చెప్పినది. బబేసియా గిబ్సోని ఈ వ్యాధికి కారణమగుననుటకు గట్టి సాక్ష్యము కలదనియు ఆ సంఘపు వేఱొక పత్రము తెలిపినది. మొదటి రెండు వారములే గండము. ఆ గండము గడచిన కుక్కలలో చాలవఱకు బ్రదుకును. అవసరమైనచో వేఱొక కుక్క నెత్తురు ఎక్కింతురు. కుక్కలకును రక్తవర్గములు కలవు. ఒకే వీధిలోని ఆరోగ్యముగల పెద్ద కుక్క మరియొకదానికి ప్రాణదాత కాగలదు.

పిడుదుజ్వరము తేలినచో ఎర్లీషియాకు డాక్సీసైక్లిన్ నాలుగు వారములు ఇత్తురు. ఇది టెట్రాసైక్లిన్ కుటుంబములోనిది. ఆ కుటుంబమునకు పెద్దబిడ్డ ఆరియోమైసిన్. బెంజమిన్ డగ్గర్ కనుగొనగా 1948లో లెడర్లీ ప్రయోగశాలలనుండి వెలువడినది. అక్కడి పరిశోధనల కన్నిటికి అధిపతి భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఆ సంవత్సరమే కాలధర్మము నొందెను. బబేసియా గిబ్సోనికి డాక్సీసైక్లిన్ ఒక్కటి చాలదు. దానికి వేఱు మందుల జంట కలదు. అది ఖరీదైనది. నాలుగు వారములన్న నాలుగు వారములే. అయిదవనాడు కుక్క తోక ఆడించినదని మాత్రలు దాచివేయుట మన యిండ్లలో మామూలు.

ఇక ఇంటి వైద్యము. ఇక్కడ మేము కొంచెము కఠినముగా మాటలాడవలసియున్నది, క్షమింతురుగాక.

పిడుదులు పోవునని కుక్క అన్నములో వెల్లుల్లి నూరి కలుపుట చాలచోట్ల వాడుక. ఉల్లియు వెల్లుల్లియు, పచ్చివైనను ఉడికినవైనను, కుక్క ఎఱ్ఱకణములను పగులగొట్టును. కిలో బరువునకు 15 మొదలు 30 గ్రాముల ఉల్లి తిన్న కుక్క రక్తములోనే మార్పు కనబడును. అనగా పది కిలోల కుక్కకు రెండు పెద్ద ఉల్లిగడ్డలు చాలును. ఆరోగ్యముగల కుక్కకే యింత కీడైనప్పుడు, కణములు నిమిష నిమిషమును నశించుచున్న కుక్కకు వెల్లుల్లి పెట్టుట అగ్నిలో ఆజ్యము పోయుట. మిగిలిన పులుసన్నమును, మాంసపు కూరను మూకుటిలో వంపునప్పుడు ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను. అవి ఉల్లిగడ్డ లేనివి కావుగదా!

తిప్పతీగ మన పెరటిలోని దివ్యౌషధమని పేరు. రోగనిరోధకశక్తిని పెంచునని దాని కీర్తి. సోదరీమణులు ఒక్కక్షణ మాలోచింతురుగాక. ఈ వ్యాధిలో ఆ శక్తి తక్కువై కాదు, మితిమీరి దారితప్పి కీడు చేయుచున్నది. చేను మేయుచున్న కంచెకు ఎరువు వేయుదుమా? కోవిడ్ కాలమున తిప్పతీగను విరివిగా త్రాగిన కొందఱు మనుష్యులలో, దేహమే కాలేయముపై తిరుగబడిన లక్షణములను బొంబాయి వైద్యులు 2021లో ప్రకటించిరి. అశ్వగంధ విషయమునను, 'శక్తిని పెంచును' అని అమ్ము ప్రతి పొడి విషయమునను ఇదే జాగ్రత్త.

బొప్పాయి ఆకు రసము డెంగూజ్వరములో ప్లేట్‌లెట్లకు మంచిదని పోయుచుందురు. మన కుక్కలో ప్లేట్‌లెట్లు పుట్టక కాదు, పుట్టినవి పుట్టినట్లే నాశనమగుచున్నవి. చిల్లికుండను నింపినట్లు. రక్తము తగ్గెనని మేక నెత్తురును, పచ్చి కార్జమును పెట్టువారును కలరు. కణములు పగిలినప్పుడు వానిలోని ఇనుము దేహములోనే నిలిచియుండును, బయటికి పోలేదు. కావున ఇనుపధాతువునకు కొఱతలేదు. పైగా రక్షకశక్తిని అణచు మందులు తినుచున్న కుక్కకు పచ్చిమాంసములోని క్రిములు ప్రాణాంతకములు. ఉడికించిన కోడిమాంసమును, గ్రుడ్డును, మెత్తని అన్నమును పెట్టిన చాలును.

పసుపును మేము నిందింపము. వంటలోని చిటికెడు పసుపు కీడు చేయదు. అది దేహమునకు పట్టునది బహుస్వల్పము, దానితో ఈ వ్యాధి లొంగినట్లు రుజువు లేదు. మిరియములతో కలిపిన పసుపుమాత్రలు ఇతర మందులు రక్తములో నిలుచు తీరును మార్పవచ్చును గనుక వైద్యునికి చెప్పక ఇయ్యరాదు. ప్రకృతివస్తువులలో కొంత యోగ్యత గలది చేపనూనె. చర్మమునకును కీళ్లకును దానివలన కొంత మేలు కనబడినది. అది మందునకు తోడు, బదులు కాదు. ఎక్కువైనచో విరేచనములగును, నెత్తురు గడ్డకట్టుట మందగించును. అవిసెనూనె చేపనూనెకు సాటి కాదు. దానిని తనకు కావలసిన రూపమునకు మార్చుకొను శక్తి కుక్కకు తక్కువ.

పిడుదుల విషయమున మేము విన్నంతలో మిక్కిలి ఘోరమైనది పత్తికి కొట్టు పురుగుమందును నీటిలో కలిపి కుక్క ఒంటికి పూయుట. కుక్క తన్ను తాను నాకుకొనును. చొంగ కార్చి, వణకి, చచ్చును. పూసిన చేతికిని ప్రమాదమే. కిరసనాయిలు చర్మమును కాల్చును. సీతాఫలపు గింజల పొడి కన్ను పోగొట్టును. వేపాకు కాచిన నీటితో కడుగుట హానిలేనిదే, అయినను దానితోనే పిడుదులు నశించునని నమ్మియుండరాదు. ఇప్పుడు నెలకో, మూడునెలలకో ఒక్కటి మ్రింగించు పిడుదుమాత్రలు దొరకుచున్నవి. మూర్ఛలు గల కుక్కకు అవి తగవు, అడిగి తీసికొనవలెను. వానితోపాటు గోడపగుళ్లను మట్టితోగాని సిమెంటుతోగాని పూడ్చి, కుక్క పండుకొను గోనెపట్టాను వారమున కొకసారి మరిగిన నీటిలో వేయవలెను. చెవులలోపలను, వ్రేళ్లసందులను వెదకి తీసిన పిడుదులను చేతితో చిదుపక సబ్బునీటి డబ్బాలో వేయవలెను. ఈ పని మధ్యాహ్నము పిల్లలకు అప్పగించిన వారికి ఉత్సాహము, ఇల్లాలికి తీరిక. పని ముగిసిన పిమ్మట చేతులు మాత్రము సబ్బుతో కడిగింపవలెను.

ఇంకొక అలవాటు. కుక్క కుంటుచున్నదని ఇంటిలోని నొప్పిమాత్రను, డైక్లోఫెనాక్‌నో ఐబుప్రొఫెన్‌నో, బెల్లములో పెట్టి మ్రింగింతురు. ప్రెడ్నిసొలోన్ తినుచున్న కుక్కకు ఇది కడుపులో పుండ్లుచేసి నెత్తురు కక్కించును. డైక్లోఫెనాక్ మన దేశమున పశువులకు వాడరాదని 2006లోనే నిషేధింపబడినది. కారణము కుక్కలు కావు, రాబందులు. ఆ మందు తినిన పశువుల కళేబరములను తిని అవి తుడిచిపెట్టుకొనిపోయినవి.

ముక్కుపై లూపస్ పుండుగల కుక్కను ఉదయము తొమ్మిదిమొదలు సాయంకాలము నాలుగువఱకు నీడను కట్టియుంచవలెను. మన వేసవిలో కల్లమున కావలికి దానిని పగలు పంపరాదు.

టీకాల మాట అడుగువా రుందురు. టీకాలచేత రక్షకశక్తి మేలుకొనుట నిజము గనుక, వ్యాధి ముదిరియున్న రోజులలో ఏ టీకా ఎప్పుడన్నది వైద్యుడు నిర్ణయించును. అట్లని రేబిస్ టీకాను శాశ్వతముగా మానుకొనుట మన ఊళ్లలో తగని పని. పిచ్చికుక్క కాటు మన కుక్కకు తగిలిన పిమ్మట ఆ ఇంటిలోని పసిబిడ్డ మాట ఏమి? టీకా వాయిదా పడిన కాలమున కుక్కను రాత్రులు ప్రాకారములోపల కట్టియుంచి, ఊరకుక్కలతో కలియనియ్యకుండుట మంచిది. ఎక్కడనైన కాటు పడినచో ఆనాడే వైద్యునికి చెప్పవలెను.

చికిత్స సాగినన్నాళ్లు కాలెండరు కాగితముమీద నాలుగు ముక్కలు వ్రాసియుంచుట ఎంతయు లాభము. చిగుళ్ల రంగు, మూత్రపు రంగు, తిన్నదా లేదా, ఏ మాత్ర ఎంత. ఉప్పు పప్పు లెక్కలు వ్రాయు చేతికి ఇది భారము కాదు. వ్యాధి కొన్ని కుక్కలకు తిరుగబెట్టును. మోతాదు దించిన ప్రతిసారి తరువాత రెండువారములు మెలకువ కావలెను. మందు పూర్తిగా ఆగిన పిమ్మట మొదటి నెల వారమున కొకసారి, ఆపైన నెలకొకసారి చిగుళ్లు చూచుచుండవలెను. మరల తెల్లబడినచో పాత మాత్రలను తమంత తాము మొదలుపెట్టక, ఆ కాలెండరు కాగితమును, రక్తపరీక్ష చీటీలను వెంటబెట్టుకొని కుక్కను ఆనాడే తీసికొనిపోవలెను. ఏ మోతాదున జబ్బు అణగియుండెనో, ఏ మోతాదున తల యెత్తెనో వైద్యునికి ఆ కాగితములోనే కనబడును.